కుస్కోలో చవక హాస్టల్‌లో దిగడం ఎలా: మంచం ఎంచుకోవడం నుంచి బ్యాగు అప్పగించడం దాకా

పెరూలోని కుస్కో నగరం సముద్రమట్టానికి సుమారు 3,400 మీటర్ల ఎత్తున ఉంది. మన లేహ్ కంటే కాస్త తక్కువ, అంతే. లీమాలో సముద్రపు ఒడ్డున పొద్దున్నే టిఫిన్ చేసి విమానం ఎక్కితే గంటన్నర లోపే ఆ ఎత్తులో దిగుతారు. దిగినప్పుడు ఏమీ తెలియదు. ఆరు నుంచి పన్నెండు గంటలు గడిచాక తలనొప్పి మొదలవుతుంది. అంటే సరిగ్గా హాస్టల్ మంచం ఎక్కే వేళకు. అందుకే ఈ ఊళ్లో ధర, ఫొటోలు మాత్రమే చూసి హాస్టల్ ఎంచుకుంటే ఇబ్బంది పడతారు. గుమ్మం దాకా ఎన్ని మెట్లు ఎక్కాలి, మంచం కిందిదా పైదా, బాత్రూమ్ ఎంత దూరం, నీళ్లు దేనితో కాగుతాయి అన్నవి ముందు చూడండి. మొదటి రెండు రాత్రులు చదునైన వీధిలో పడుకోండి. ఒళ్లు అలవాటు పడ్డాక కావాలంటే కొండమీది హాస్టల్‌కు మారండి. ఇదొక్కటి పాటిస్తే సగం కష్టాలు తప్పుతాయి.

బయలుదేరే ముందు

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ల దగ్గర కనీసం ఆరు నెలల గడువున్న అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా లేదా షెంగెన్ వీసా ఉన్నా, అక్కడ శాశ్వత నివాసం ఉన్నా, పర్యటనకు పెరూ వీసా అడగరు. 2017 నుంచి ఉన్న వెసులుబాటు ఇది. అమెరికాలోని మనవాళ్లు ఎక్కువమంది ఇలాగే వెళ్తుంటారు. మిగతావాళ్లు ఢిల్లీలోని పెరూ రాయబార కార్యాలయం ద్వారా వీసా తీసుకోవాలి. నియమాలు మారుతుంటాయి కాబట్టి, టికెట్టు కొనే ముందు అక్కడే ఒకసారి నిర్ధారించుకోండి.

చాలామంది మరిచిపోయేది ఎల్లో ఫీవర్ టీకా. పెరూ నుంచి ఆరు రోజుల లోపు ఇండియాలో దిగేవాళ్లను ఈ సర్టిఫికెట్ అడుగుతారు. లేకపోతే క్వారంటైన్‌కు పంపే అధికారం వాళ్లకు ఉంది. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది. హైదరాబాద్‌లోనైతే నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. ప్రయాణానికి నెల ముందే ఆ పని కానివ్వండి.

మే నుంచి సెప్టెంబరు దాకా ఎండలు, పొడి గాలి. రాత్రిళ్లు మాత్రం సున్నా డిగ్రీల దగ్గరికి పోతుంది. డిసెంబరు నుంచి మార్చి దాకా వానలు. జూన్ 24న ఇంతి రాయ్మి, అంటే సూర్యుడి పండగ. ఆ వారం మంచం దొరకడమే కష్టం, దొరికినా రేటు ఎక్కువ. మామూలు రోజుల్లో డార్మిటరీలో ఒక మంచం సుమారు 35 నుంచి 70 సోలెస్ ఉంటుంది (అక్కడి కరెన్సీ సోల్, ఒకటి దాటితే సోలెస్).

అడ్రసులోని మాటలు చదవడం నేర్చుకోండి

మ్యాప్‌లో ప్లాసా దే ఆర్మాస్ చౌరస్తా నుంచి 400 మీటర్లే అని చూపిస్తుంది. ఆ 400 మీటర్లూ నిట్టనిలువు మెట్లని చెప్పదు. ఆ సంగతి వీధి పేరే చెబుతుంది. అడ్రసులో 'కుయెస్తా' అని ఉంటే ఎత్తు ఎక్కే వీధి. 'ఎస్కలినాతా' అంటే మెట్లదారి. ఒక వీధికి 'రెస్బలోసా' అనే పేరుంది, జారుడు వీధి అని అర్థం. వానాకాలంలో అక్కడి రాళ్లమీద నడిచినవాళ్లకు ఆ పేరు ఎందుకొచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. సాన్ బ్లాస్ పేటలో 'అతోక్‌సాయ్‌కుచి' అనే వీధి ఉంది. అక్కడి స్థానిక భాష క్వెచువాలో నక్క అలసిపోయే చోటని అర్థం చెబుతారు. నక్కే అలసిపోయే దారిలో 12 కిలోల బ్యాగు వీపున వేసుకుని, మొదటి రోజే ఎక్కకండి.

సాన్ బ్లాస్, సాన్ క్రిస్తోబాల్, సాంతా ఆనా పేటలు కొండవాలు మీద ఉన్నాయి. అక్కడి నుంచి ఊరంతా ఎర్ర పెంకుల కప్పులతో కనిపిస్తుంది, రాత్రి నిశ్శబ్దంగానూ ఉంటుంది. అవి మంచి పేటలే, మూడో రోజు నుంచి. మొదటి రెండు రాత్రులకు ప్లాసా దే ఆర్మాస్ చుట్టుపక్కల, అవెనీదా ఎల్ సోల్ రోడ్డు, లిమాక్‌పంపా వైపు, సాన్ పెద్రో మార్కెట్ దగ్గర వెతకండి. మార్కెట్ దగ్గర జేబుదొంగల బెడద ఉంటుంది కాబట్టి చీకటి పడ్డాక ఫోను చేతిలో పట్టుకుని తిరగవద్దు.

ఇంకో పొరపాటు ఏమిటంటే, 'హోస్టల్' అని బోర్డున్న ప్రతిదీ డార్మిటరీ కాదు. పెరూలో హెచ్-ఓ-ఎస్-టి-ఏ-ఎల్ అని రాసి ఉంటే అది చిన్న లాడ్జి, విడి గదులే ఉంటాయి. మన బ్యాక్‌ప్యాకర్ హాస్టల్ స్పెల్లింగులో 'ఏ' ఉండదు, 'ఈ' ఉంటుంది. ఇద్దరు కలిసి వెళ్తే మాత్రం ఆ లాడ్జి గది ఒక్కోసారి రెండు డార్మ్ మంచాల కంటే చవకగా పడుతుంది. రెండూ పోల్చి చూడండి.

బుక్ చేసేటప్పుడు అడగాల్సినవి

కుస్కోలోని పాత హాస్టళ్లు చాలావరకు 'కసోనా'లు, అంటే స్పానిష్ కాలపు పెద్ద ఇళ్లు. గోదావరి జిల్లాల మండువా లోగిలి చూసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. వీధిలో పెద్ద చెక్క తలుపు, లోపల ఆకాశం కనిపించే రాతి వాకిలి, చుట్టూ రెండంతస్తుల వసారా, వసారాలోకి తెరుచుకునే గదులు. కింద కొన్నిచోట్ల ఇంకాల కాలపు రాతిగోడ, దాని మీద మందపాటి మట్టి ఇటుకల గోడ. చూడటానికి ఎంతో అందంగా ఉంటాయి. అయితే ఆ నిర్మాణం వల్లే మూడు ఇబ్బందులు వస్తాయి.

ఒకటి, వై-ఫై. మట్టిగోడ అరమీటరుకు పైగా మందం ఉంటే సిగ్నల్ దాటదు. 'వై-ఫై ఉంది' అంటే చాలాచోట్ల వాకిట్లో ఉందనే అర్థం. పని చేసుకోవాల్సినవాళ్లు గదిలో వస్తుందా అని విడిగా అడగాలి. రెండు, చప్పుడు. వాకిట్లో బార్ ఉంటే ఆ మోత నాలుగు గోడలకు తగిలి నేరుగా గదుల్లోకి వస్తుంది. రివ్యూల్లో 'అదిరిపోయే వాతావరణం' అని పదే పదే కనబడితే అర్ధరాత్రి దాకా పాటలుంటాయని లెక్క. మూడు, కిటికీ. చాలా గదులకు వాకిలి వైపు తలుపు తప్ప కిటికీ ఉండదు. అలాంటి గదిలో పన్నెండుమంది పడుకుంటే తెల్లారేసరికి ఊపిరాడనట్టు ఉంటుంది. నాలుగు లేదా ఆరు మంచాల గది తీసుకోండి. పది, పదిహేను సోలెస్ ఎక్కువైనా ఈ ఎత్తులో అది దండగ కాదు.

బుక్ చేసిన వెంటనే కింది మంచం కావాలని మెసేజ్ పెట్టండి: 'కామా బాహా, పోర్ ఫవోర్'. ఎత్తుకు వెళ్లిన మొదటి రెండు రోజులు శరీరం నీటిని ఎక్కువగా బయటికి పంపుతుంది, ఎత్తు జబ్బుకు వాడే అసెటాజోలమైడ్ మాత్ర వేసుకుంటే ఇంకా ఎక్కువ. రాత్రికి మూడు నాలుగుసార్లు లేవాలి. చీకట్లో, తల తిరుగుతుండగా, చలికి బిగుసుకుపోయిన వేళ్లతో ఇనుప నిచ్చెన దిగడం చాలా ప్రమాదం.

విమానాశ్రయం నుంచి గుమ్మం దాకా

విమానాశ్రయం ఊరి నడిబొడ్డుకు ఐదు కిలోమీటర్ల లోపే. టాక్సీలకు మీటరు ఉండదు, ఎక్కేముందే ధర మాట్లాడుకోవాలి. ముందు రోజే హాస్టల్‌కు మెసేజ్ పెట్టి న్యాయమైన కిరాయి ఎంతో కనుక్కోండి, అప్పుడు బేరం ఆడటం తేలిక. 'ఆ హాస్టల్ మూసేశారు, నాకు తెలిసిన వేరే చోటుంది' అని డ్రైవరు అంటే పట్టించుకోవద్దు. బుకింగ్ అడ్రసు చూపించి అక్కడికే పోనివ్వమనండి.

సాన్ బ్లాస్‌లో చాలా గుమ్మాల దాకా కారు వెళ్లదు. అప్పుడు కిందినుంచి ఎక్కకుండా, పైన కారు వెళ్లే చోటు దాకా వెళ్లి అక్కణ్నుంచి కిందికి దిగేలా చూసుకోండి. ఎక్కడ దించమనాలో హాస్టల్‌వాళ్లనే అడిగితే చెబుతారు.

కౌంటరు దగ్గర

పాస్‌పోర్టు అసలుది ఇవ్వండి, కాపీ తీసుకుని వెంటనే తిరిగి ఇచ్చేస్తారు. 60 రోజుల లోపు ఉండే విదేశీ పర్యాటకులకు బసపై ఐహెచ్‌వే అనే అమ్మకపు పన్ను ఉండదు. దాని మామూలు రేటు 18 శాతం. ఆ మినహాయింపు కోసం పాస్‌పోర్టుతో పాటు దేశంలోకి వచ్చిన తేదీకి రుజువు చూపాలి. పాస్‌పోర్టులో ముద్ర వేయకపోతే పెరూ ఇమిగ్రేషన్ వెబ్‌సైట్ నుంచి ప్రవేశ పత్రం దించుకుని ఫోనులో ఉంచుకోండి. బిల్లులో పన్ను కలిపితే మర్యాదగా అడగండి.

డబ్బు కట్టేముందు మంచం చూపించమనండి. పరుపు మూల ఎత్తి కుట్టు వెంట ఫోను లైటు వేసి చూడండి. మిరియం పొడి చల్లినట్టు నల్లటి చుక్కలుంటే నల్లులున్నట్టే, గది మార్చమనండి. లాకరుకు తాళం మీదే. సన్నటి కొండీ ఉన్న చిన్న తాళం తెచ్చుకోండి, లావుపాటి ఇంటి తాళం ఆ రంధ్రంలో పట్టదు. గోడమీద ఆకుపచ్చ బోర్డు, దానిమీద తెల్లటి 'ఎస్' అక్షరం ఎక్కడుందో కూడా అప్పుడే చూసి పెట్టుకోండి. భూకంపం వస్తే నిలబడాల్సిన చోటు అది. 1950 మే 21న వచ్చిన భూకంపం ఈ ఊరిని బాగా దెబ్బతీసింది. మట్టిగోడల ఇంట్లో పడుకునేటప్పుడు బయటికి దారి తెలిసి ఉండాలి.

మొదటి ఇరవైనాలుగు గంటలు

మొదటి రోజు చేయాల్సిన పని దాదాపు ఏమీ చేయకపోవడమే. బ్యాగు పెట్టి, గంటసేపు నడుం వాల్చి, సాయంత్రం చౌరస్తా దాకా మెల్లగా నడవండి. చాలా హాస్టళ్లలో వేడినీళ్లు, కోకా ఆకులు బల్లమీద ఉంచుతారు. కప్పులో నాలుగైదు ఆకులు వేసి వేడినీళ్లు పోసి ఐదు నిమిషాలు మూతపెడితే 'మాతే దే కోకా' తయారు. రుచికి ఎండుగడ్డి కాచిన నీళ్లలా ఉంటుంది, కడుపుకు హాయిగా ఉంటుంది. అయితే రెండు విషయాలు గుర్తుంచుకోండి. ఆ టీ తాగాక కొన్ని రోజులపాటు మూత్ర పరీక్షలో కొకైన్ ఉన్నట్టు రావచ్చు, ఉద్యోగానికి డ్రగ్ టెస్టు ఉన్నవాళ్లు దాని జోలికి పోవద్దు. ఇక ఆ ఆకులుగానీ టీ సంచులుగానీ అమెరికాకో ఇండియాకో తీసుకురావడం నేరం.

ఎత్తు జబ్బును అక్కడ 'సొరోచే' అంటారు. తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం దాని లక్షణాలు. తలనొప్పికి పారాసిటమాల్ లేదా ఐబుప్రోఫెన్ చాలు. అసెటాజోలమైడ్ వాడాలనుకుంటే ఇంటి దగ్గరే డాక్టర్ని అడిగి తెచ్చుకోండి. మామూలుగా 125 మిల్లీగ్రాములు పూటకొకటి చొప్పున రోజుకు రెండు, ఎత్తుకు వెళ్లే ముందు రోజు నుంచి ఇస్తారు. వేళ్లు తిమ్మిరెక్కినట్టుండటం దాని వల్లే, భయపడొద్దు. సల్ఫా మందులు పడనివాళ్లు తప్పకుండా డాక్టరుకు చెప్పాలి. మొదటి రెండు రాత్రులు మద్యం ముట్టొద్దు. హాస్టల్ బార్‌లో స్వాగతం కూపన్ ఇస్తే మూడో రోజుకు దాచుకోండి.

నిద్రలో ఊపిరి కొన్ని క్షణాలు ఆగి, మళ్లీ గట్టిగా లాక్కుని మెలకువ రావడం ఈ ఎత్తులో చాలామందికి జరుగుతుంది. దానికదే తగ్గుతుంది. తగ్గనివి వేరే ఉన్నాయి. కూర్చున్నా ఆయాసం, నురగతో దగ్గు, మాట తడబడటం, నేలమీద గీత వెంట మడమకు కాలివేలు ఆనించి నాలుగడుగులు వేయలేకపోవడం. వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా కౌంటరులో లేపి ఆక్సిజన్ అడగండి, ఆసుపత్రికి వెళ్లండి, కిందికి దిగే ఏర్పాటు చూడండి. అంబులెన్సుకు 106, పోలీసుకు 105.

ఎత్తు పడదని ముందే తెలిసినవాళ్లకు ఇంకో దారి ఉంది. విమానం దిగి కుస్కోలో ఆగకుండా నేరుగా దిగువ లోయలోని ఒయాంతాయ్‌తాంబో అనే ఊరికి వెళ్లి అక్కడ రెండు రాత్రులు పడుకోండి. అది 2,800 మీటర్ల లోపే. మాచు పిచ్చు చూసుకుని తర్వాత కుస్కోకు రావచ్చు.

స్నానం

కొళాయి మీద 'సి' అని ఉంటే చల్లనీళ్లు అనుకుంటాం. ఇక్కడ అది కాలియెంతే, అంటే వేడి. 'ఎఫ్' చల్లవి. చలికి వణుకుతూ 'ఎఫ్' తిప్పి, వేడినీళ్లు రావట్లేదని వెనక్కి వచ్చేవాళ్లు రోజూ ఉంటారు.

నీళ్లు కాచే పద్ధతులు రెండు. ఒకటి గ్యాసు గీజరు, నీళ్లు ధారాళంగా వస్తాయి. అది బాత్రూమ్ లోపలే బిగించి ఉండి, గాలి పోయే సందు లేకపోతే స్నానం చేయొద్దు. గ్యాసు మండేటప్పుడు పుట్టే విషవాయువుకు (కార్బన్ మోనాక్సైడ్) వాసన ఉండదు, ఉన్నట్టు తెలియదు. రెండోది షవరు తలలోనే కరెంటు కాయిలు ఉండే రకం. దీన్ని వాడటం తెలియకనే ఎక్కువమంది చన్నీళ్ల పాలవుతారు. కొళాయి పూర్తిగా తిప్పితే నీళ్లు కాయిలు దగ్గర నిలవకుండా పోతాయి, గోరువెచ్చగా కూడా రావు. ముందు మామూలుగా తిప్పి, షవరులోంచి సన్నటి గుర్రుమనే చప్పుడు వినిపించాక మెల్లగా తగ్గిస్తూ రండి. ధార తగ్గేకొద్దీ వేడి పెరుగుతుంది. మరీ తగ్గిస్తే ఆ చప్పుడు ఆగిపోతుంది, కాయిలు ఆరిపోయినట్టు. అప్పుడు వెంట్రుకవాసి మళ్లీ తిప్పండి. షవరు మీది మీట మార్చాలంటే నీళ్లు పూర్తిగా కట్టేశాకే, తడి చేత్తో మాత్రం వద్దు. రబ్బరు చెప్పులు వేసుకునే స్నానం చేయండి. కొళాయి ముట్టుకుంటే చురుక్కుమంటే వెంటనే బయటికొచ్చి కౌంటరులో చెప్పండి.

స్నానానికి మధ్యాహ్నం మంచిది. పొద్దున ఏడింటికి అందరూ ఒకేసారి చేస్తారు, వేడి అందదు. పైగా తడి జుట్టుతో ఆ చలిలో తిరగడం జలుబును కోరి తెచ్చుకోవడమే.

టాయిలెట్ పేపరు కమోడ్‌లో వేయకండి, పక్కన డబ్బా ఉంటుంది. పాత పైపులు సన్నవి, ఇట్టే పూడిపోతాయి. నీళ్లు వాడే అలవాటున్న మనకు అక్కడ చెంబు, హ్యాండ్ షవరు ఉండవు. మూత బిగుతుగా ఉండే అరలీటరు సీసా ఒకటి ఉంచుకుంటే ఆ ఇబ్బంది తీరుతుంది.

రాత్రి చలి, ప్లగ్గులు

చవక హాస్టళ్లలో హీటర్లు ఉండవు. బరువైన ఉన్ని దుప్పట్లు ఇస్తారు, ఇంకొకటి అడిగితే ఇస్తారు. లీటరు సీసాలో వేడినీళ్లు పోసి మూత గట్టిగా బిగించి, సాక్సులో దూర్చి, పడుకునే పావుగంట ముందు కాళ్ల దగ్గర పెట్టండి. మంకీ క్యాప్ తెచ్చుకున్నవాళ్లు హాయిగా నిద్రపోతారు.

కరెంటు 220 వోల్టులే, మన చార్జర్లు పనిచేస్తాయి. సన్నటి రెండు గుండ్రటి పిన్నుల చార్జరు చాలాచోట్ల నేరుగా పడుతుంది. మూడు పిన్నులది పట్టదు, అడాప్టరు కావాలి.

తిండి, వంటగది

కొళాయి నీళ్లు తాగొద్దు. ఈ ఎత్తులో నీళ్లు దాదాపు 89 డిగ్రీలకే మరుగుతాయి, కాబట్టి తెర్లడం మొదలయ్యాక మూడు నిమిషాలు ఉంచి దించండి. అదే కారణంగా కందిపప్పు గిన్నెలో పెట్టి గంటసేపు ఉడికించినా బద్దలు బద్దలుగానే ఉంటుంది. హాస్టల్ వంటగదిలో కుక్కరు అరుదు. సాన్ పెద్రో మార్కెట్‌లో ఎర్రపప్పు కొని, అరగంట నానబెట్టి వండితే మెత్తబడుతుంది. బియ్యం కూడా నానబెట్టండి, గ్లాసుకు రెండున్నర గ్లాసుల నీళ్లు పోసి, మూతమీద బరువు పెట్టండి. టమాటాలా గుండ్రంగా ఎర్రగా, లోపల నల్లగింజలతో ఉండేది రొకోతో. మన గుంటూరు కారం అలవాటున్న నాలుకకు కూడా పావు ముక్క చాలు. అది, ఉప్పు, నిమ్మకాయ ఉంటే పచ్చడి అయిపోయినట్టే. ఇంటి పొడులు తీసుకెళ్తే సీలు వేసినవే పట్టుకెళ్లి, విమానాశ్రయంలో కస్టమ్స్‌కు తప్పక చెప్పండి.

బయట తినాలంటే మధ్యాహ్నం 'మెనూ' బోర్డున్న చోటికి వెళ్లండి. సూపు, అన్నంతో ఒక వంటకం, తాగడానికి ఒకటి, అన్నీ కలిపి ఒకే ధర. సోమవారం వెళ్తే పప్పు దొరికే అవకాశం ఎక్కువ, ఆ రోజు కాయధాన్యాలు వండటం అక్కడ అలవాటు. శాకాహారులు 'సిన్ కార్నే' (మాంసం లేకుండా) అంటే చాలదు, కోడి మాంసం 'కార్నే' లెక్కలోకి రాదు. 'సిన్ కార్నే, సిన్ పోయో, సిన్ పెస్కాదో' అని మాంసం, కోడి, చేప మూడూ వద్దని చెప్పాలి. సూపు ముందు 'ఎల్ కాల్దో ఎస్ దే కార్నే?' (ఈ రసం మాంసంతో చేసిందా?) అని అడగండి. కూరగాయల సూపు అని తెచ్చేది కూడా తరచుగా ఎముకల రసంతోనే కాస్తారు.

సాన్ పెద్రో మార్కెట్‌లో పండ్ల రసాల బల్లల వరస ఉంటుంది. గ్లాసు ఖాళీ కాగానే వెళ్లిపోకండి. 'యాపా' అని నవ్వుతూ గ్లాసు చాపితే రసం అమ్మే ఆవిడ మిక్సీలో మిగిలింది పోస్తుంది. మన కొసరే అది. నీళ్లు కలపకుండా 'సిన్ ఆగ్వా' అని ముందే చెప్పండి. చిల్లర దగ్గర ఉంచుకోండి, 200 నోటు మార్చడానికి ఎవరూ ఇష్టపడరు.

తెల్లవారుజామున బయలుదేరడం, బ్యాగు వదలడం

కుస్కో టూర్ల వ్యాన్లు చాలావరకు తెల్లారకముందే, మూడు నాలుగు గంటలకే వస్తాయి. ముందు రాత్రే బట్టలు సర్ది, బ్యాగు మంచం పక్కన పెట్టుకోండి. ప్లాస్టిక్ కవర్లు గరగరలాడతాయి, గుడ్డ సంచీలు వాడండి. లైటు వేయకుండా ఫోను వెలుతురుతో బయటికి వచ్చి, వాకిట్లో బూట్లు వేసుకోండి. పెద్ద తలుపుకు రాత్రి లోపల గడియ వేసి ఉంటుంది, తీసేందుకు కాపలా మనిషిని లేపాలి. ఎన్నింటికి వెళ్తున్నారో ముందు రోజే కౌంటరులో రాయించండి, అప్పుడే పొద్దుటి టిఫిన్ పొట్లం కట్టి ఇస్తారా అని కూడా అడగండి.

మాచు పిచ్చు రైల్లో చిన్న బ్యాగునే రానిస్తారు. పెద్దది హాస్టల్‌లో వదలొచ్చు, చాలాచోట్ల ఉచితం. పాస్‌పోర్టు మాత్రం అందులో పెట్టకండి, రైల్లోనూ మాచు పిచ్చు ద్వారం దగ్గరా అసలుదే చూస్తారు. డబ్బు, ల్యాప్‌టాప్, మందులు మీ దగ్గరే ఉండాలి. జిప్పులు కలిపి తాళం వేసి, పేరు, తిరిగొచ్చే తేదీ రాసిన చీటీ కట్టించుకుని, చీటీతో సహా బ్యాగును ఫొటో తీయండి. తిరుగు ప్రయాణంలో కుస్కో చేరేసరికి రాత్రి పది, పదకొండు అవుతుంది. ఆ రాత్రికి మంచం వెళ్లేముందే బుక్ చేసుకుని, ఆలస్యంగా వస్తామని చెప్పండి, కింది మంచమే అడగండి. వచ్చాక పెద్ద తలుపు మూసి ఉంటే కొట్టకండి, పక్కన గోడకు గంట మీట ఉంటుంది. ఒకసారి నొక్కి రెండు నిమిషాలు ఆగండి, కాపలా మనిషి వాకిలి దాటి రావాలి.